దుకాణంపై ఓటు మాకివ్వండి, దాని రాబడి మాత్రం మాకొద్దు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పత్రిక జిల్లా సంచికలో మద్యం దుకాణాల గురించి ఒక పాఠకుడు రాసిన లేఖ వచ్చింది. లాటరీలో లైసెన్సు దక్కించుకున్న వ్యాపారులకు దుకాణాలు అప్పగించే బదులు మున్సిపాలిటీయే సొంతంగా ఒక దుకాణం తెరవాలని, తెరవాలా వద్దా అన్నది పట్టణ ఓటర్లే ఓటు వేసి తేల్చాలని, వచ్చిన లాభంతో మురుగు కాలువలు, వీధి దీపాలు బాగు చేసుకోవచ్చని ఆయన సూచించారు. మర్యాదగా, ఆలోచించి రాసిన లేఖ అది. అయితే అందులో రెండు వేర్వేరు విషయాలను ఒకే మూటగా కట్టారు. ఓటు ఒకటి, రాబడి మరొకటి. ఓటు సంగతిలో నేను ఆయన పక్షమే. రాబడి సంగతిలో మాత్రం, నెల్లూరు, ప్రకాశం జిల్లాల మున్సిపాలిటీల లెక్కల విభాగాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా, ఆయన సలహాను పాటించవద్దని మనవి చేస్తున్నాను.

ఆయన అమెరికాను ఉదాహరణగా చూపారు. అందులో తప్పు లేదు. మిన్నెసోటా రాష్ట్రంలో 1933లో దేశవ్యాప్త మద్యనిషేధం ఎత్తివేసిన తరువాత చాలా చిన్న పట్టణాలు తమ మద్యం దుకాణాన్ని తామే పెట్టుకున్నాయి. ఇప్పటికీ వందకు పైగా పట్టణాలు అలా నడుపుతూ, మిగిలిన లాభాన్ని పట్టణ నిధికి మళ్లిస్తున్నాయి. అలాస్కాలోనైతే ఒక ఊరివాళ్లు ఓటు వేసి మద్యాన్ని పూర్తిగా వద్దనుకోవచ్చు, అమ్మకం మాత్రమే వద్దనుకోవచ్చు, లేదా ఊరి పాలక సంఘం నడిపే ఒక్క దుకాణం చాలని తీర్మానించుకోవచ్చు. కానీ ఈ పద్ధతికి పేరు తెచ్చింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పట్టణం. 1865లో అక్కడ మద్యం అమ్మకాన్ని ప్రైవేటు లాభం నుంచి తప్పించి ఒక కంపెనీకి అప్పగించి, లాభాన్ని పట్టణ ఖజానాకు మళ్లించారు. పక్కనున్న నార్వే ఆ పద్ధతినే తీసుకుంది గానీ 1871 చట్టంలో ఒక జాగ్రత్త పడింది. ఆ డబ్బు పట్టణం తన పన్నులు తగ్గించుకోవడానికి పనికిరాకూడదని, ప్రజోపయోగమైన, ధార్మికమైన పనులకే వెళ్లాలని ఏర్పాటు చేసింది. పాలక సంఘం తన చేత్తో తాను మందు అమ్ముకుని పన్ను తగ్గించుకుంటే, ఆ అమ్మకం తగ్గాలని కోరుకునేవాళ్లు సంఘంలో ఎవరూ మిగలరని వాళ్లు ముందే ఊహించారన్నమాట. అదే నార్వేలో 1894 చట్టం ప్రకారం ఇలాంటి దుకాణం ఉండాలా వద్దా అని స్థానికంగా జరిగే ఓటింగులో ఇరవై అయిదేళ్లు నిండిన స్త్రీలు కూడా ఓటు వేశారు. పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలందరికీ ఓటు వచ్చింది 1913లో. మందు దుకాణం మీద ఓటు దానికన్నా చాలా ముందే వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు మన జిల్లా గుర్తొచ్చింది.

మన ప్రాంతంలో మద్యానికి, ఓటుకు ఉన్న సంబంధం ఇప్పటిది కాదు. ఏ ప్రకాశం పంతులుగారి పేరు ఒంగోలు జిల్లాకు పెట్టుకున్నామో, ఆయన నాయకత్వంలోని ఆంధ్ర రాష్ట్ర మంత్రివర్గం 1954 నవంబరులో పడిపోయింది మద్యనిషేధం వివాదం మీదే. నిషేధాన్ని సమీక్షించిన రామమూర్తి కమిటీ సిఫారసుల చుట్టూ రేగిన గొడవ అవిశ్వాస తీర్మానం దాకా వచ్చి, కర్నూలు శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పోయింది. ఆ తరువాత మరో ముప్పై, నలభై ఏళ్లకు వచ్చిన సారా కాలం నా తరం వాళ్లందరికీ తెలుసు. 'వారుణి వాహిని' పేరుతో సర్కారు సారా ప్యాకెట్లలో నిండి పల్లె పల్లెకూ చేరింది. మంచినీళ్ల ట్యాంకరు వెళ్లని ఊళ్లకు కూడా ప్యాకెట్ల సంచులు వెళ్లేవని అప్పట్లో అనుకునేవాళ్లం.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట నడిచిన ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. జిల్లాలో అప్పుడు జోరుగా సాగుతున్న అక్షరాస్యత ఉద్యమం ఆ కథను పాఠంగా చేసి ఊరూరికీ చేర్చింది. నేను అప్పుడు నెల్లూరులో చిన్న గుమస్తాను. జిల్లా సారా వేలం పాట జరగవలసిన రోజుల్లో కలెక్టరు కార్యాలయం ముందు రోడ్డు నిండా ఆడవాళ్లు కూర్చునేవారు. చేతుల్లో చీపుళ్లు, కొంగున ముడి వేసిన కారప్పొడి, ఒళ్లో చంటిపిల్లలు. మధ్యాహ్నానికి టమాటా పచ్చడి కలిపిన అన్నం అరిటాకుల్లో తెచ్చుకుని అక్కడే తినేవారు. పాట వాయిదా పడేది, మళ్లీ తేదీ వేసేవారు, వాళ్లు మళ్లీ వచ్చేవారు. అలా ఎన్నోసార్లు పాట వాయిదా పడింది. 1993 ఏప్రిల్‌లో ముందుగా మన జిల్లాలోను, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. ఈ మొత్తం చరిత్రలో ఒక విచిత్రం ఉంది. ప్రభుత్వాలు మారాయి, విధానాలు అటూ ఇటూ అయ్యాయి, నాయకులు గెలిచారు, ఓడారు. కానీ ఫలానా వీధిలో దుకాణం కావాలా అని ఆ వీధివాళ్లను ఒక్కసారీ కాగితం మీద అడగలేదు. రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నప్పుడే వాళ్ల అభిప్రాయం లెక్కలోకి వచ్చింది. అందుకే ఓటు కావాలంటున్నాను.

నేను నిషేధవాదిని కాను. 2020లో కరోనా కట్టడి వల్ల మందు దొరకని రోజుల్లో, మన ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. అలవాటు పడిన మనిషికి దుకాణం మూసేస్తే అలవాటు మూతపడదని ఆ ఊరు చూపింది. కాబట్టి దుకాణం ఎక్కడా ఉండకూడదని నేను అనడం లేదు. ఎక్కడ ఉండాలో చెప్పే అధికారం దాని పక్కన బతకవలసిన వాళ్లకు ఉండాలంటున్నాను.

ఇక రాబడి సంగతి. ఇందులో నా సొంత తప్పు ఒకటి ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మున్సిపల్ బడ్జెట్టు తయారీ చూసినవాళ్లకు తెలుస్తుంది. ప్రతి పద్దుకూ గడులుంటాయి. గత సంవత్సరం నిజంగా వచ్చినది, ఈ సంవత్సరం వస్తుందని సవరించుకున్న అంచనా, వచ్చే సంవత్సరం వస్తుందని ఆశించేది. మూడో గడి దగ్గరికి వచ్చేసరికి కింది ఉద్యోగి తలెత్తి "ఎంత వేద్దామండీ?" అని అడుగుతాడు. నూటికి తొంభైసార్లు జవాబు "పది శాతం పెంచి వెయ్యి" అనే ఉంటుంది. సంతలో వసూలు చేసే ఆశీలు రుసుము వేలం పాటకైనా, బస్టాండు దుకాణాల అద్దెకైనా, సైకిల్ స్టాండుకైనా ఇదే సూత్రం. నిరుటి పాట కన్నా తక్కువకు పోతే ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాస్తారు, పై అధికారి సంజాయిషీ అడుగుతాడు. ఎక్కువకు పోతే ఎందుకు పోయిందని అడిగినవాడు నా ఉద్యోగకాలంలో ఒక్కడూ లేడు.

నేను పనిచేసిన ఒక పట్టణంలో ఆడపిల్లల బడి గేటు ముందే వారపు సంత జరిగేది. సంత రోజున పిల్లలు బళ్ల మధ్య నుంచి, కోళ్ల గంపల మధ్య నుంచి దారి చేసుకుని లోపలికి వెళ్లాలి. తల్లిదండ్రులు సంతను వేరే చోటికి మార్చమని అర్జీ పెట్టారు. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. 'సదరు సంత ఆశీలు ద్వారా పురపాలక సంఘానికి ఏటా రాబడి సమకూరుతున్నందున, ప్రత్యామ్నాయ రాబడి చూపనిదే మార్పు పరిశీలనార్హము కాదు' అని నోట్ రాశాను. మరుసటి సంవత్సరం మళ్లీ అర్జీ వచ్చింది, మళ్లీ అదే నోట్. అలా నాలుగుసార్లు రాశాను. నాలుగోసారి పాత నోట్ చూసి తేదీ మార్చి ఎక్కించాను. నాకు ఆ పిల్లల మీద కోపం లేదు, సంత గుత్తదారు నాకు టీ కూడా పోయించలేదు. పద్దులో ఒక అంకె ఉంది, దాన్ని కాపాడడం నా పని అనుకున్నాను, అంతే. కూరగాయల సంత విషయంలోనే ఒక మామూలు ఉద్యోగి ఇలా తయారైతే, రోజూ లక్షల అమ్మకం జరిగే మందు దుకాణం మున్సిపాలిటీ పద్దులో ఎక్కిన తరువాత దాని మీద అర్జీ పెట్టేవాళ్ల గతి ఏమవుతుందో మీ పాఠకులు ఊహించుకోవచ్చు. అమ్మకం తగ్గిన సంవత్సరం ఆడిట్ అభ్యంతరం ఎలా ఉంటుందో నేను ఇక్కడే రాసి చూపగలను. 'అమ్మకాలు పెంచుటకు తీసుకున్న చర్యలు తెలుపవలెను' అని ఉంటుంది.

ఇది మున్సిపాలిటీ స్థాయి జబ్బు మాత్రమే కాదు. మనుషులు తాగే మద్యాన్ని జీఎస్టీలో కలపలేదు. దానిమీద పన్ను వేసే హక్కు పూర్తిగా రాష్ట్రాలదే కాబట్టి, చేతిలో మిగిలిన కొద్ది పెద్ద రాబడుల్లో ఒకటైన దీన్ని ఏ పార్టీ ప్రభుత్వమూ వదులుకోలేకపోతోంది. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లు మన రాష్ట్రంలో చిల్లర మద్యం దుకాణాలను ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషనే నడిపింది. సర్కారే అమ్మితే సంయమనం ఉంటుందని, అంచెలంచెలుగా తగ్గిస్తామని అప్పుడు చెప్పారు. 2022లో అదే కార్పొరేషన్ బాండ్లు జారీ చేసి వేల కోట్ల అప్పు తెచ్చింది. రేపటి అమ్మకాన్ని నమ్ముకుని ఇవాళ అప్పు తెచ్చుకున్న సంస్థ రేపటి అమ్మకం తగ్గాలని ఎలా కోరుకుంటుంది? 2024 అక్టోబరులో విధానం మళ్లీ మారి, దుకాణాలు లాటరీలో ప్రైవేటు వ్యాపారులకు వెళ్లాయి. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని 2 లక్షల రూపాయల రుసుము కనుక, ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 1,800 కోట్ల దాకా చేరాయి. ఇది గొప్ప విజయమని కొందరు రాశారు. లెక్కల మనిషిగా నాకు అందులో కనిపించింది వేరు. దక్కుతుందో లేదో తెలియని చీటీ కోసమే రెండేసి లక్షలు వదులుకోవడానికి సిద్ధపడినవాళ్లు దుకాణం చేతికొచ్చాక సీసా తక్కువ అమ్ముకుని ఊరుకోరు. లైసెన్సు పన్నే ఆ ప్రాంతం జనాభాను బట్టి మొదటి ఏడాదికి 50 లక్షల నుంచి 85 లక్షల దాకా పెట్టారు. అది వెనక్కి రావాలంటే దుకాణం ముందు ట్యూబులైటు వెలగాలి, సందు సందుకూ బెల్టు షాపు పుట్టాలి.

ఈ లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30తో ముగుస్తుంది. కొత్త నోటిఫికేషన్ రాకముందే ఓటు మాట తేలాలని నా తాపత్రయం.

ఓటు ఎవరిదన్న ప్రశ్న దగ్గర కూడా ఆ పాఠకుడితో నాకు పేచీ ఉంది. ఆయన పట్టణమంతా ఓటు వేయాలంటున్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మా వీధిలో జరిగినది చెబితే అందులోని చిక్కు తెలుస్తుంది.

మా వీధి చివర ఒక మందు దుకాణం పెట్టబోతున్నారని తెలిసి అందరం పోగయ్యాం. బడికి, గుడికి, ఆసుపత్రికి వంద మీటర్ల లోపు దుకాణం ఉండరాదని నిబంధన. దుకాణం వెనక గోడకు అవతల, పన్నెండడుగుల సందు దాటితే హైస్కూలు ప్రహరీ. కొలవడానికి సిబ్బంది వచ్చారు. కొలత గోడ నుంచి గోడకు కాదట. దుకాణం గుమ్మం మధ్య నుంచి మొదలుపెట్టి, మనిషి మామూలుగా నడిచే దారి వెంట, బడి గేటు మధ్య దాకా కొలవాలట. బడి గేటు అవతలి రోడ్డులో ఉంది. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి తక్కువైతే నన్నే పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. గుమ్మం నుంచి టిఫిన్ హోటలు మూల తిరిగి, మురుగు కాలువ మీద బండ దాటి, ఎరువుల కొట్టు ముందు నుంచి గేటు దగ్గరికి చేరేసరికి నూటపదికి కాస్త పైన తేలింది. నిబంధన ప్రకారం అంతా సక్రమం. ఆరు నెలల్లో ప్రహరీ లోపల కబడ్డీ కోర్టు పక్కన సీసా పెంకులు ఏరడం బడి ఆయాకు రోజువారీ పని అయింది.

అందరం కలిసి అర్జీ పెట్టాం. మా వీధిలో విశ్రాంత ఉద్యోగులున్నారు, ఇద్దరు వకీళ్లున్నారు, ఒక డాక్టరుగారున్నారు. ఎవరిని ఎక్కడ కలవాలో మాకు తెలుసు. ఇరవై రోజుల్లో దుకాణం మారిపోయింది. మేము స్వీట్లు పంచుకున్నాం. అది ఎక్కడికి మారిందో నేను మూడు నెలల తరువాత గానీ చూడలేదు. ఊరి బయట కాలువ కట్ట మీద, యానాదుల కాలనీకి ఎదురుగా. ఒక సాయంత్రం నడకకు అటు వెళితే రేకుల షెడ్డు ముందు మనుషులు కిక్కిరిసి ఉన్నారు. కట్ట పొడవునా క్వార్టరు సీసాలు, నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, ఉడికించిన గుడ్ల పెంకులు. రొయ్యల గుంటల్లో కూలికి పోయి వచ్చిన మగవాళ్లు ఇంటికన్నా ముందు అక్కడ ఆగుతున్నారు. మా ఇంట్లో చాలాకాలం పాచిపని చేసిన ఆమె ఆ కాలనీ మనిషే. నన్ను చూసి నమస్కారం పెట్టి, "మీకొద్దని మా నెత్తిన పెట్టినారు కదా సార్" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ కాలనీలో అర్జీ రాసేవాళ్లు లేరు. రాసినా, ఆ కాగితం ఏ బల్ల మీదికి వెళ్లి ఏ నోట్‌తో తిరిగి వస్తుందో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

పట్టణమంతా కలిసి ఓటు వేస్తే జరిగేది ఇదే. ముప్పై వార్డుల వాళ్లు 'దుకాణం ఉండనిద్దాం' అని ఓటు వేసి, దాన్ని ముప్పై ఒకటో వార్డులో పెడతారు. దానికితోడు లాభం పట్టణ నిధికి వస్తుందంటే, తాగుబోతుల గొడవ కాలనీకీ, సిమెంటు కాలువ మా వీధికీ దక్కుతుంది. కాబట్టి దుకాణం ఏ వార్డులో వస్తుందో ఆ వార్డు ఓటర్లే, అందులోనూ ఆ చుట్టుపక్కల పోలింగు కేంద్రాల పరిధిలో ఉన్నవాళ్లే తేల్చాలి. వాళ్ల ముందు పెట్టే ప్రశ్నలో కాలువల ఊసు, దీపాల ఊసు రాకూడదు. చీకట్లో ఉన్న కాలనీని 'దుకాణం ఒప్పుకుంటే దీపం వేస్తాం' అని అడగడం ఓటు అడగడం కాదు, బేరం ఆడడం. దీపం వాళ్లకు ఎలాగూ వేయవలసిందే. ఇంటిపన్ను కట్టించుకునే మున్సిపాలిటీ బాధ్యత అది.

ఇలాంటి ఓటు మన దేశంలో ఎక్కడా లేని వింత కాదు. మహారాష్ట్రలో 2008 నాటి ఉత్తర్వు ప్రకారం ఒక గ్రామంలో గాని, పట్టణ వార్డులో గాని పావువంతు మహిళా ఓటర్లు సంతకాలు చేసి కోరితే దుకాణం మూసివేతపై రహస్య ఓటింగు జరపాలి. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా బ్యాలెట్ మీద రెండు బొమ్మలుంటాయి, నిలబెట్టిన సీసా ఒకటి, పడుకోబెట్టిన సీసా ఒకటి. పడుకోబెట్టిన సీసాకు మొత్తం మహిళా ఓటర్లలో సగం కన్నా ఎక్కువమంది ఓటు వేస్తే దుకాణం మూయాలి. రాజస్థాన్‌లో కూడా స్థానికుల ఓటుతో దుకాణం మూసే నియమాలు 1975 నుంచే ఉన్నాయి. 2016లో రాజసమంద్ జిల్లా కచ్ఛబలి గ్రామస్థులు వాటిని ఉపయోగించుకుని తమ ఊరి దుకాణాన్ని మూయించుకున్నారు. మన రాష్ట్రంలోని ఏజెన్సీ గ్రామాల్లో 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు ఇవ్వాలని చెబుతోంది. మన రెండు జిల్లాల గిరిజనులు ఏజెన్సీ పరిధిలో లేరు కనుక ఆ హక్కు వాళ్లకు అందదు. కాలువ కట్ట మీది యానాది కాలనీకి చట్టంలో దొరికే రక్షణ ఆ వంద మీటర్ల టేపు ఒక్కటే. పెద్ద బడి, గుడి, ఆసుపత్రి ఏవీ దగ్గర్లో లేని కాలనీకి ఆ టేపు కూడా పనికిరాదు.

మహారాష్ట్ర పద్ధతిలో ఒక లోపం ఉంది. మూయడానికి మొత్తం ఓటర్లలో సగానికి మించి రావాలంటే, ఆ రోజు కూలికి వెళ్లి రాలేకపోయిన ప్రతి మనిషీ దుకాణం వైపు ఓటు వేసినట్టే లెక్క. మన దగ్గర దాన్ని తిరగవేయాలి. వద్దన్నవాళ్లు బరువు మోయనక్కర లేదు. దుకాణం తెరవాలనుకునేవాళ్లే ఆ పరిధిలోని మొత్తం మహిళా ఓటర్లలో సగానికి మించి ఒప్పించుకోవాలి. ఇది మగవాళ్లకు అన్యాయమని కొందరు అనవచ్చు. తాగే చోటు ఎక్కడుండాలన్న విషయంలో మగవాళ్ల అభిప్రాయం సాయంత్రం ఆరు తరువాత ఏ దుకాణం ముందు నిలబడినా తెలుస్తూనే ఉంది, దానికి ప్రత్యేకంగా బ్యాలెట్ అవసరమా అని నా అనుమానం.

ఓటుతో బెల్టు షాపులు పోవని నాకు తెలుసు. ఒక వార్డు వద్దంటే పక్క వార్డు దుకాణం నుంచి సరుకు స్కూటరు మీద వస్తుంది. అది చూడవలసిన శాఖ పేరులోనే మద్యనిషేధం, ఆబ్కారీ రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఏ పని ముందో వాళ్లకు కూడా తేల్చుకోవడం కష్టమే. ఇంకొక భయం కూడా ఉంది. మందు పోసి ఓట్లు కొనే మన ఎన్నికల్లో, మందు దుకాణం మీదే ఓటు పెడితే ఆ ముందు రాత్రి ఎంత మందు పారుతుందో! మామూలు ఎన్నికల్లో పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు దుకాణాలు మూస్తారు. ఈ ఓటుకూ ఆ నియమం వర్తించాలి, చుట్టుపక్కల మండలాలు కూడా కలిపి.

దీనికి 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింది నియమాల్లో మార్పు చాలు. రాజ్యాంగం ప్రకారం మత్తు పానీయాలు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి ఢిల్లీ దాకా వెళ్లే పని లేదు. పట్టణాలకు బదలాయించవలసిన పద్దెనిమిది అంశాల పన్నెండో షెడ్యూలులో మద్యం లేదు. ఉండకపోవడమే మంచిదని నా ఉద్దేశం. అమ్మకం, లెక్క, పన్ను రాష్ట్రం దగ్గరే ఉండనివ్వండి. వార్డుకు కావలసింది 'అవును', 'కాదు' అనే రెండు గడులు మాత్రమే. రాష్ట్రానికి ఆ డబ్బులో కొంత స్థానికంగా ఖర్చు పెట్టాలనిపిస్తే, దుకాణం ఉన్న వార్డుకూ లేని వార్డుకూ తేడా లేకుండా, తాగుడు మాన్పించే కేంద్రాలకు జిల్లా ఆసుపత్రుల ద్వారా ఇవ్వవచ్చు. ఆ లెక్క మున్సిపాలిటీ బడ్జెట్టు పుస్తకంలో ఎక్కకూడదు. ఎక్కిన అంకెకు ఏటా పది శాతం ఎలా కలుస్తుందో పైన రాశాను.

ఓటింగు జరపడానికి ఖర్చవుతుందని, సిబ్బంది దొరకరని అధికారులు అంటారు. నేను ఎనిమిది ఎన్నికల్లో పోలింగు విధులు చేశాను. ఒక వార్డులో మూడు నాలుగు బూతులు, బూతుకు నలుగురు మనుషులు, ఒక బల్ల, రెండు బెంచీలు, సిరా సీసా, సీలు వేసిన డబ్బా. మా విశ్రాంత ఉద్యోగుల సంఘంలో కూర్చోగలిగిన వాళ్లు ఇంకా పాతికమంది దాకా ఉన్నారు, భత్యం అడగరు. మొదటి ఓటింగు కాలువ కట్ట కాలనీలో పెడితే నా పేరు ముందు రాసుకోండి. ఆ కాలనీలో బడి లేదు కనుక బూతు ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే సమస్య. చింతచెట్టు కింద అరుగు ఉంది, గోనెపట్టా కడితే సరిపోతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత పురపాలక ఉద్యోగి,
నెల్లూరు జిల్లా